వెనుక తలుపు పిడి తిప్పించిన కంట్రోలర్ సాబ్

బస్సెక్కి కూర్చున్నవు. సద్దిమూట ఒళ్లె పెట్టుకున్నవు, టికెట్ చేతిల ఉన్నది, ఇగ కండక్టర్ బెల్ కొట్టుడే తరువాయి. అంతల ఒక మనిషి లోపలికి ఎక్కి, నీ ముఖంల ముఖం పెట్టి, "ఈ బండి వాగుల పడితే నువ్వెట్ల బయటపడ్తవు?" అని అడిగిండు. చదివే అన్నా, చదివే అక్కా, పోతి మీద, పురాణ గ్రంథం మీద చెయ్యి పెట్టినట్టు నిజం చెప్పు. ఆ మనిషికి దండం పెడ్తవా, తిట్టిపోస్తవా?

నేను తిట్టిపోసినోణ్ణి. నేనొక్కణ్ణే తిట్టలే, చుట్టుపక్కల పల్లెలన్నిటితోని తిట్టిపించిన. ఆ మనిషి పోయిన మంగళవారం పొద్దున కాలం చేసిండు.

బస్టాండ్‌ల చాయ్ అమ్మేటాయన వచ్చి నా దుకాణం మెట్ల కాడ నిలబడ్డడు. మిషన్ మీద పెండ్లి జాకెట్ ఉన్నది, నేను తల ఎత్తలే. "మారాజ్, కంట్రోలర్ సాబ్ పోయిండు" అన్నడు. "ఎక్కడికి?" అన్న నేను. ఆయన మెట్లెక్కి వచ్చి మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపిండు. అప్పుడు తల ఎత్తిన. పొద్దుగాల చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, గోడకు ఒరిగిండట. అంతే. పక్కన కూర్చున్న ఆయన భార్యకు గూడ కాసేపు తెల్వలేదట.

మన భజన మండలి పత్రికల నేను ప్రతిసారి ధర్మం గురించి రాస్త. ఈసారి ఒక మనిషి గురించి రాస్తున్న. ధర్మం గురించే రాసిన్నని అనుకోండ్రి. ఆయన ఏండ్ల తరబడి చేసిన పని ఒకటి ఈ ఏడు జరుగకుండ ఆగిపోయి ఉన్నది. వానలు దిగే లోపల అది కాకపోతే ఏమైతదో నేను కండ్లార చూసినోణ్ణి. అందుకే కండ్లు తుడుచుకునే తీరిక గూడ లేకుండ రాస్తున్న.

నా సంగతి మీకు తెలుసు. బట్టలు కుట్టుకొని బతికేటోణ్ణి. బడి ముఖం చూడలే, అక్షరాలు నాకు నేనే నేర్చుకున్న. సంకల పోతి పెట్టుకొని ఊరూరు తిరిగి గట్టిగ నాలుగు మాటలు చెప్తనని మీరు నన్ను మారాజ్ అంటరు. ఆయన మన తాలూకా బస్టాండ్‌ల కంట్రోలర్. నాందేడ్ పోయే ఎర్ర బస్సు, దెగ్లూర్ దిక్కు పోయే ఎర్ర బస్సు, ఏది ఎప్పుడు కదలాల్నో చెప్పే కిటికీ ఆయనది. ఖాకీ కోటు, మెడల ఊదే సీటీ. సరిహద్దు పల్లెల పుట్టిండు. తండ్రి పటేల్ కాడ జీతమున్నడు. ఈయన మరాఠీ బడిల నాలుగు తరగతులు చదివి, కండక్టరై, చానా ఏండ్లు టికెట్లు చింపి, ఆ కిటికీ కాడికి వచ్చిండు. ఆఫీసోళ్లతోని మరాఠీ, పోలీసోళ్లతోని ఉర్దూ, మనతోని మన తెలుగు.

ఎక్కడికి పోయినా ఆయన ముందుగాల బయటపడే దారి చూసుకునేటోడు. పెండ్లికి పోతే పందిరి చివరన కూర్చుండేటోడు. "ముందుకు రా సాబ్, వియ్యంకులతోని కూర్చో" అంటే "నాకు గీడ గాలి మంచిగొస్తది" అనేటోడు. మా ఇంటికొస్తే నీళ్ల చెంబు అందుకోకముందే వంటింట్లకు తొంగి చూసేటోడు.

"వదినా, ఆ ఘాస్‌లేట్ డబ్బా పొయ్యి పక్కకెందుకున్నది?"

"నీకు చాయ్ పెట్టనీకెనే సాబ్. జల్ది మంట లేవాలె గద" అని మా ఆమె నవ్వేది.

"చాయ్ ఆలస్యమైతె నాకేం గాదు" అని తనే ఆ కిరోసిన్ డబ్బా ఎత్తి పెరట్ల పెట్టి వచ్చేటోడు. ఇప్పటికి మా ఇంట్ల ఆ డబ్బా పెరట్లనే ఉంటది.

ఒకసారి నా ప్రవచనానికి టెంటు వేసిండ్రు. కథ మంచి కాడ ఉన్నది, జనం ఊపిరి పట్టుకొని వింటున్నరు. వెనుక కనాతు, టెంటుకు కట్టిన పక్క గుడ్డ, సర్రున లేచింది. గాలికి దీపం ఊగింది. నేను గద్దె మీది నుంచే గర్జించిన: "ఎవరు తీసింది కనాతు? దీపం ఆరిపోదా?"

"నేనే మారాజ్" అని చివరి నుంచి ఆయన గొంతు. "గింతమంది ఆడోళ్లు, పిల్లలు, పోనీకె ఒక్కటే తొవ్వ ఉన్నది. దీపం ఆరితె మల్ల ముట్టించొచ్చు."

జనం నవ్విండ్రు. ఆ నవ్వు నాకు కడుపుల ముల్లయి కూర్చున్నది. దాచిపెట్టుడెందుకు, తర్వాత జరిగిందంత ఆ ముల్లు చేసిన పనే.

ఎర్ర బస్సు వెనుక భాగంల ఒక తలుపు ఉంటది, మీరంత చూసే ఉంటరు. దాని మీద మరాఠీల రాసి ఉంటది, ఆపద వేళ బయటపడే దారి అని. మన తెలుగోళ్లల్ల సగం మందికి ఆ అక్షరాలు రావు. చల్ల అమ్ముకునే ఒక అవ్వ రోజు మొదటి బండికి వచ్చేది. అది ఏదో దేవుని పేరనుకొని ఎక్కినప్పుడల్ల ఆ తలుపుకు మొక్కేదట. ఆ మాట విన్నంకనే కంట్రోలర్ సాబ్ కిటికీ వదిలి బండ్లెక్కుడు మొదలుపెట్టిండు. బండి కదిలే ముందు లోపలికి వచ్చి, ఆ తలుపు ఎందుకున్నదో తెలుగుల చెప్పేటోడు. మంట లేస్తె ఏం చేయాలె, నీళ్లొస్తె ఏం చేయాలె, పిల్లలను ఎవరు పట్టుకోవాలె, ముసలోళ్లను ఎవరు దించాలె. చెప్పి ఊకుంటడా? రోజుకొకరిని లేపేటోడు.

"అవ్వా, లే. ఇయ్యాల నీ వంతు."

"నా వంతేంది కొడుకా? నేను చల్ల అమ్ముకునేదాన్ని, బండి నడిపేదాన్ని గాదు."

"ఆ ఎర్ర పిడి పట్టుకో. కిందికి గుంజు. మీదికి గాదే, కిందికి. ఆ. ఇగ తొయ్యి."

తలుపు కిర్రుమని తెరుసుకునేది.

"అయ్యో, గింతేనా! మా ఇంటి తలుపు కంటె నయమే."

"ఇప్పుడు దిగు."

"గంత మీదికెల్లి దుంకమంటవా? నీ సీటీ గుంజుకపోను, బతికుండంగనే కాళ్లు ఇరగ్గొడ్తవా?"

బండంత నవ్వేది. ఆయన కిందికి దుంకి, రెండు చేతులు చాపి, అవ్వను దించేటోడు. దించి ఒక మాట అనేటోడు: "పైలం పైలం అని అందరు నోటితోని అంటరు అవ్వా. చేతులకు గూడ పైలం నేర్పాలె."

మాట మంచిదే. కని ఆయన చెప్పే వేళ మంచిది గాదు. మన దిక్కు ఇల్లు కదిలేటప్పుడు అశుభం పలుకరు. ఎక్కడికి పోతున్నవని గూడ అడుగరు. ఎవరన్న తుమ్మితె ఆగి, కూర్చొని, గుక్కెడు నీళ్లు తాగి మల్ల కదులుతరు. గసొంటి జనం ముందర, బండి కదిలే ఘడియల, మంటలు, నీళ్లు, చావు! ఆయన నోరు తెరిచిండంటె సగం మంది దిగేటోళ్లు. హోటల్ కాడికి పోయి నీళ్లు తాగి, కాసేపు బల్ల మీద కూర్చొని, అశుభం పోయిందనుకొని మల్ల ఎక్కేటోళ్లు. వాళ్లు ఎక్కంగనే, వీళ్లు వినలేదు గదా అని కంట్రోలర్ సాబ్ మల్ల మొదటి నుంచి చెప్పేటోడు. వాళ్లు మల్ల దిగేటోళ్లు! డ్రైవర్ స్టీరింగ్ మీద తల పెట్టుకొని, "అరే సాబ్, నాందేడ్ ఇయ్యాల్నే పోవాల్నా, రేపు పోవాల్నా?" అని మొత్తుకునేటోడు.

ఇగ నా సంగతికొస్త. వాగు అవతలి పల్లెల సప్తాహం పెట్టిండ్రు, ఏడు దినాలు భజన. మా మండలి సామానంత బస్సుల వెనుక తలుపుకు ఆనిచ్చిన. దేవుని పటం పెట్టె, హార్మోనియం, బియ్యం సంచి. అంతకుముందు ఒకసారి ఆ తలుపు ఊపుకు తెరుసుకొని మా తబలా రోడ్డు మీద పడ్డది. అందుకని నా కండువతోని పిడిని మూడు ముళ్లేసి బిగిచ్చి కట్టిన. సీటీ మోగింది.

"మారాజ్, సామాను తియ్యి. ముడి విప్పు."

"దేవుని సామాను గది."

"దేవునికి సీటియ్యి. నువ్వు నిలవడు."

"సాబ్, కాపాడేటోడు పైన ఉన్నడు. నీ తలుపు గాదు కాపాడేది."

"నేను గాదన్ననా? ఆయనే తలుపు పెట్టిచ్చిండు. దానికి హార్మోనియం అడ్డం పెట్టినోనివి నువ్వు. ఆపదల ఆయన్ను పిలుస్తవు. ఎటుకెల్లి రావాలె ఆయన?"

మల్ల నవ్వు. మల్ల ఆ ముల్లు. సామాను తీసేదాంక బండి కదలలే.

ఆ సప్తాహంల నేను అగ్గి కురిపించిన. నా నోరెట్లాంటిదో మీకు తెలుసు. "పోయేటోని ముందట చావు పేరెత్తేటోడు ఉన్నడు మన బస్టాండ్‌ల! దేవుని మీద నమ్మకం లేనోనికి అన్ని దిక్కుల మంటలే కనపడ్తయి! వాని మాట వింటె పోయిన పని గాదు, పిల్ల పెండ్లి గాదు!" అన్న. జనం తలలూపిండ్రు. వాపసు వచ్చినంక పెద్ద ఆఫీసుకు ఒక అర్జీ రాసినం, బండ్లు ఆలస్యమైతున్నయి, అశుభం పలుకుతున్నడు అని. ఎన్నో వేలిముద్రలు. మొదటి సంతకం నాది.

కొన్ని దినాలకు ఆయనకు హుకుం వచ్చింది, బండ్లెక్కి ముచ్చట్లు చెప్పొద్దని. ఆయన ఆ కాగితం మడిచి కోటు జేబుల పెట్టుకున్నడు. కిటికీల కూర్చున్నడు. బండి కదిలేటప్పుడు లేచి నిలబడి, అది మలుపు తిరిగేదాంక చూసి, మల్ల కూర్చునేటోడు. నేను గెలిచిన్ననుకున్న.

ఒక పగటిపూట ఆయన నా దుకాణానికి వచ్చిండు. కొట్లాటకు వచ్చిండని నేను కత్తెర పక్కకు పెట్టి మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్న. ఆయన ఖాకీ కోటు విప్పి, మోచేతి కాడ చినిగింది చూపిచ్చిండు.

"మారాజ్, మొన్న లక్క ఇంటి కథ చెప్పినవు. మంచిగ చెప్పినవు. మంట లేసే కాడ మా ఆమె ఏడ్చింది."

"వచ్చినవా సాబ్? నాకు కనపడలే."

"చివరన ఉంటి. మారాజ్, ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యకు. తల్లి, ఐదుగురు కొడుకులు సొరంగంలకెల్లి బయటపడ్డరన్నవు. ఒక్క మాటల దాటేసినవు. ఆ సొరంగం ఎవరు తవ్విండు? మంట రాకముందు ఎన్ని దినాలు తవ్విండు? ఆ మన్నంత ఎక్కడ పోసిండు? పైన ఇంట్ల అందరు నవ్వుకుంట తిరుగుతుంటె, కింద వాడొక్కడు తవ్వుతుంటె, ఎట్లుండె వానికి? నేను గది వినాల్నని వచ్చిన. నువ్వు చెప్పలే."

ఆయన పోయినంక పోతి విప్పిన. ఉన్నది. తవ్వేటోడు ఉన్నడు. మంట కంటె ముందు, చానా ముందు, వాడు వచ్చిండు. ఇన్నేండ్లు ఎంతమంది ముందర ఆ కథ చెప్పిన! మంటకు గొంతు పెంచిన, ఏడుపుకు గొంతు దించిన, తవ్వినోణ్ణి మాత్రం దాటేసిన. నాకు నేనే చదువుకున్నోణ్ణి గదా, నచ్చిన కాడ ఆగి, నచ్చని కాడ దుంకి చదివిన. చెప్పేటోడు ఉంటె చెవి పట్టుకొని ఆ పుట మీద కూర్చోబెట్టేటోడు. అయినా, అన్నలారా, తల వంచలే నేను. మూడోనాడు ఆయన కోటు తీసుకపోనీకె వస్తె, కోటు ఇచ్చి, కుట్టుకూలి అడిగి తీసుకున్న.

శ్రావణం వచ్చింది. మల్ల అదే పల్లెల భజన. అదే బండి, అదే సామాను, పిడికి అదే కండువ, అవే మూడు ముళ్లు. ఈసారి మా ఆమె గూడ వెంబడున్నది. చల్ల అవ్వ ఉన్నది. కంట్రోలర్ సాబ్ కిటికీ వదిలి బండెక్కంగనే నేను నోరు సిద్ధం చేసుకున్న. ఆయన దేవుని పటానికి వంగి మొక్కిండు. "మారాజ్, ముడి సరిగ్గ లేదు. నేను కట్టన?" అన్నడు, అంత మెత్తగ. దారికొచ్చిండనుకున్న, కట్టమన్న. నా మూడు ముళ్లు విప్పి, ఆయన చేతులతోని ఒక్క ముడి వేసిండు. పటం పెట్టెను, హార్మోనియంను ఎత్తి సీటు మీద పెట్టి, నా భుజం మీద చెయ్యేసి, "నువ్వు నిలవడు" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. ఒక్క అశుభం మాట అనలే. "పైలం" అని దిగిండు.

మా దిక్కు వాన లేదు. పైన యాడనో పడ్డది. వాగు మీద ఫరషీ పూల్ ఉన్నది, తెలుసు గదా, రాళ్లు పరిచిన తక్కువ ఎత్తు కట్ట. వాగు నిండితె నీళ్లు దాని మీదికెల్లి పోతయి. డ్రైవర్ ఆపి చూసిండు. మడమల మందం నీళ్లు. "పోనియ్యి, పోనియ్యి, భజనకు యాళ్లైతున్నది" అని తొందరపెట్టినోళ్లల్ల నా గొంతే పెద్దది. నడిమికి పోంగనే నీళ్ల రంగు మారింది. ముందటి చక్రం అంచు దిగింది. బండి ఎడమకు ఒరిగింది. ఎక్కే తలుపు నీళ్ల దిక్కయింది.

అప్పుడు నేనేం చేసిన్నో చెప్త, సిగ్గు లేకుండ చెప్త. దేవుణ్ణి పిలిచిన. పిలుచుకుంట పిడి మీద పడ్డ. నా వేళ్లు నా మూడు ముళ్లను దేవులాడినయి. అవి లేవు. ఏది గుంజాల్నో తెల్వలే. వెనుక మా ఆమె నా అంగి పట్టుకొని ఏడుస్తున్నది. నీళ్లు పిక్కల దాంక వచ్చినయి.

"జరుగు మారాజ్!" అని చల్ల అవ్వ నన్ను మోచేతితోని పొడిచింది. కండువ కొస ఒకటి వేలాడుతుండె. అది పట్టి ఒక్క గుంజు గుంజింది. బర్రెను కట్టేసే జారుముడి అది! సర్రున ఊడి కండువ కింద పడ్డది. "కిందికి గుంజాలె, మీదికి గాదు" అని తనకు తానే చెప్పుకుంట పిడి గుంజింది, భుజంతోని తోసింది. తలుపు తెరుసుకున్నది. కట్ట మీద ఇంక నిలబడే జాగ ఉన్నది. కొంగులు, ధోతులు ముడేసుకొని, ఒకరి చేతులొకరు పట్టుకొని దిగినం. ఆడోళ్లు, పిల్లలు, ముసలోళ్లు, ఆఖరుకు డ్రైవర్, కండక్టర్. దేవుని పటం గూడ ఒకాయన నెత్తి మీద ఒడ్డుకొచ్చింది. హార్మోనియం పోయింది. మనిషి ఒక్కడు గూడ పోలే.

మర్నాడు బస్టాండ్‌కు పోయిన. జనమున్నరు, ఉండనీ అనుకున్న. కిటికీ పక్క తలుపుకెల్లి లోపలికి పోయి ఆయన కాళ్ల మీదికి వంగిన. ఆయన గబగబ లేచి నా రెండు భుజాలు పట్టిండు. "కుర్చీ లేదు, బుట్ట మీద కూర్చో" అన్నడు. అప్పుడు చెప్పిండు. కండక్టరున్నప్పుడు, ఒక వాగు కాడ, డ్రైవర్ వెనుకకు తిరిగి "ఏమంటవ్?" అని అడిగిండట. తొందరల ఉన్న జనం. ఈయన రెండు బెల్లులు కొట్టిండట, పోనియ్యమని. నడి వాగుల బండి ఒరిగింది. అందరు బయటపడ్డరట, ఒక్క ముసలాయన మాత్రం బయటికి రాలే. వెనుక తలుపుకు పత్తి మూటలు అడ్డమున్నయి.

"ఆ మూటలు ఎక్కిచ్చుకున్నది నేనే మారాజ్. ఏదో కాలంల మూటలు ఎక్కిచ్చుకున్నందుకు, నీ హార్మోనియం మీద గంత కోపం."

"జనం ముందర తిట్టిన. జనం ముందర్నే మాఫీ అడుగుత సాబ్."

"మాఫీ వద్దు. నోరు ఇయ్యి. నా నోట్లకెల్లి వస్తె అశుభం. నీ నోట్లకెల్లి వస్తె పురాణం."

ఆనాటి నుంచి మేమిద్దరం జోడెడ్లమైనం. పెద్ద ఆఫీసుకు రెండో అర్జీ రాసిన, ఈసారి గూడ మొదటి సంతకం నాదే. హుకుం వాపసు పోయింది. పద్ధతి మార్చింది మాత్రం మా ఆమె చెప్పిన ఉపాయం. అంగడి దినం మొదటి బండికి వెనుక తలుపు కాడ టెంకాయ కొట్టాలె. కొట్టినోళ్లే పిడి తిప్పి, ఆ తొవ్వనే కిందికి దిగాలె, దిగి ముందటి తలుపుకెల్లి మల్ల ఎక్కాలె. అది చేసినోళ్ల ప్రయాణం మంగళం. ఇగ చూడు! దిగి నీళ్లు తాగేటోళ్లు లేరు. వంతుల కోసం కొట్లాటలు. కొత్త పెండ్లికొడుకులు, పరీక్షకు పోయే పిల్లలు, కోర్టు తారీకున్న పటేళ్లు. కంట్రోలర్ సాబ్ కిటికీల కూర్చొని కండ్లల్ల నీళ్లొచ్చేదాంక నవ్వేటోడు. "గిన్నేండ్లు బతిమాలితె దిగలే మారాజ్. టెంకాయకు దిగుతున్నరు!"

సెలవు దినం ఆయన సైకిలెక్కి తొవ్వ పొంటి ఊర్లు తిరిగేటోడు. ఏ ఊర్ల ఎవరికి ఈత వచ్చు, ఎవరింట్ల మోకు ఉన్నది, ఎవరి ట్రాక్టర్ పిలిస్తె వస్తది, మంత్రసాని ఎవరు, కాలిన గాయానికి మందు తెలిసినోళ్లెవరు. అడిగి వచ్చి, తన రూం గోడ మీద బొగ్గుతోని రాసేటోడు. "ఆపద వచ్చినంక అడుగుతె అందరు పరేషాన్‌ల ఉంటరు. ఇప్పుడడుగుతె చాయ్ పోసి చెప్తరు" అనేటోడు.

ఆ ఫరషీ పూల్ మొదట ఒక నిలువు రాయి ఉన్నది. దాని మీద ఆయన ఎర్ర రంగుతోని అడ్డంగ ఒక గీత గీసిండు. నీళ్లు గీతను ముట్టితె బండి ఆగాలె. పక్క పిండిగిర్ని ఆయన మిద్దె మీద ఎర్ర గుడ్డ కట్టాలె. ఒకసారి ఒక పెద్దమనిషి, లగ్నం దాటిపోతదని డ్రైవర్ మీద లేసిండు. అక్కడ్నే ఉన్న కంట్రోలర్ సాబ్ రాయి దిక్కు చెయ్యి చూపిచ్చి అన్నడు: "డ్రైవర్ ఇష్టం గాదు పటేలా, నా ఇష్టం గాదు, మీ లగ్నం ఇష్టం గాదు. ఇక్కడ గీతదే ఇష్టం." ఆ పెండ్లి గిర్ని ముందర్నే అయింది. ఆ జంటకు ఇప్పుడు ముగ్గురు పిల్లలు.

వాగు మన్ను రాచి రాచి ఆ గీత ఏడాదికే మాసిపోతది. మృగశిర రాకముందు ప్రతి ఏడు ఆయనే పోయి మల్ల గీసేటోడు. పింఛన్ తీసుకున్నంక గూడ పోయిండు. ఈ ఏడు కాళ్లకు వాపు వచ్చింది. నాకు కబురు పంపిండు, "మారాజ్, గీత" అని. పెండ్లిల్ల కుట్టుడు మీద పడ్డది, రెండు దినాలల్ల పోతనన్న. మల్ల కబురొచ్చింది. ఇంకొక్క జాకెట్ అన్న. మూడో కబురు చాయ్ ఆయన తెచ్చిండు.

ఎంత సిగ్గులేనోణ్ణి నేను! ప్రళయం వస్తదని చేప చెప్తె, ఎండల నిలబడి పడవ కట్టుకున్న రాజు కథ మీకు ఎన్ని సార్లు చెప్పిన! చినుకు పడ్డంక మొదలుపెట్టలే ఆయన, ఎండల మొదలుపెట్టిండు, అని గద్దె చరిచి చెప్పిన. నాకు మాత్రం ఒక రాయి మీద జానెడు గీత గీయనీకె తీరిక దొరకలే. దేవుడు నన్ను అడిగితె ఏ పోతి విప్పి చూపియ్యాలె?

నిన్న పొద్దుగాల వాగు కాడికి పోయిన. చుక్క నీళ్లు లేవు. రాయి నిలబడే ఉన్నది. గీత జాగల పెచ్చులు పెచ్చులు రంగు. వేలుతోని రుద్దితె ఎర్ర పొడి రాలింది. అంతల ఎర్ర బస్సొకటి వచ్చింది. కొత్త డ్రైవర్, ఈ దిక్కు వానకాలం చూడనోడు. రాయి దిక్కు తల తిప్పలే. పూల్ మీదికెల్లి దుమ్ము లేపుకుంట దాటిపోయింది. కిటికీలకెల్లి ఒక చిన్న పిల్ల నాకు చెయ్యి ఊపింది. దుమ్ము దిగేదాంక నేను ఆ రాయిని పట్టుకొని నిలబడ్డ.

మబ్బులు దక్షిణం దిక్కు లేస్తున్నయి. నా దుకాణం ఇయ్యాల మూసిన. ఎర్ర రంగు డబ్బా, కుంచె, ఇనుప బ్రష్ సైకిల్‌కు కట్టి ఉన్నయి. దగ్గరోళ్లు నా వెంబడి రాండ్రి. దూరపోళ్లు, మీ ఊరి వాగు మీద గూడ బస్సు పోతది, అక్కడ గూడ ఒక రాయి ఉంటది. నీళ్లు రాయి మీద ఎక్కడి దాంక వస్తె పూల్ మునుగుతదో ముసలోళ్లనడుగు, అంతకు బెత్తెడు కిందనే గీత గీయి. రేపు అనకు. పెండ్లి ఉన్నదనకు, విత్తనాలు తేవాలె అనకు. ఈ కాగితం చేతికందిన పూటనే, ఇది మడిచి జేబుల పెట్టు, చెప్పులేసుకో, లే, నడువు!